టేపాయన పడవకు కొలత తీసిన వైనం

సూట్లు కుట్టే ఆ టైలరుకు కన్నవాళ్లు పెట్టిన పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. నిద్రలో తప్ప మెడలోంచి టేపు తీయడు కాబట్టి అందరూ టేపాయన అన్నారు, ఆయనా పలికాడు. ఎదురుపడ్డ మనిషి భుజాలు ముందు చూసి, తీరిగ్గా మొహం చూసే రకం. కొలత విషయంలో తనకు తిరుగులేదని ఆయన నమ్మకం. ఖర్మేమిటంటే, భార్యకూ అదే నమ్మకం.

ఆమె స్కూలు యూనిఫాంలు కుట్టేది. ఇంటి పక్క షెడ్డులో గోడవారగా పొడుగాటి బల్ల. కత్తిరింపులు దానిమీదే, కుట్టు దానిమీదే, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చడమూ దానిమీదే. పెళ్లయిన కొత్తలో వాళ్ల నాన్న తన చేత్తో చేసిచ్చిన బల్ల అది. ఆ ఇంట్లో ఇది నాది అని ఆమె చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు.

ఇలా ఉండగా టేపాయనకు పడవ యోగం పట్టింది. ఊరు మారిపోతున్న ఓ కస్టమరు తన తెరచాప పడవను, దాన్ని మోసే చక్రాల ట్రైలరుతో సహా ఊరికే ఇచ్చేశాడు. ఊరికే వస్తే కాదనే మనిషా ఈయన? ఈత రాదు. ఇస్త్రీకి ముందు చిలకరించే నీళ్లు తప్ప వేరే నీళ్లతో పరిచయం లేదు. అయినా ఆ రోజు నుంచీ మాటిమాటికీ వాకిట్లోకొచ్చి గాలి ఎటు వీస్తోందో చూడటం మొదలుపెట్టాడు.

పడవ ఎండకీ వానకీ పాడవకుండా షెడ్డులో పెట్టాలి. మూడు టేపులు గుండుసూదులతో జతచేసి, ఛాతీ కొలిచినట్టే పడవ పొట్ట కిందనుంచి పైకి చుట్టూ తిప్పాడు. వచ్చినదాన్ని సగం చేసి, కాస్త వదులు కలిపాడు. చొక్కా గుడ్డ అలాగే కత్తిరిస్తారు మరి.

లారీతో ట్రైలరును లాక్కొచ్చిన బావమరిది చూసి చూసి అన్నాడు.

"బావా, ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా కొలిస్తే సరిపోయేదిగా?"

"అడ్డంగా కొలిచి చొక్కా కుడితే నీ బొజ్జ మీద గుండీ పడుతుందా? లారీ సంగతి నువ్వు చూసుకో, కొలత సంగతి నాకొదిలెయ్."

తర్వాత షెడ్డును కొలిచి తీర్పు చెప్పాడు. షెడ్డంతా పడవకే సరి, బల్ల పట్టదు.

"గోడ పక్కన కాస్త కూడా మిగలదా? ఇంకోసారి చూడకూడదూ," అంది భార్య.

"నా కొలత ఎప్పుడైనా తప్పిందా?"

తప్పినట్టు ఆమెకు గుర్తులేదు. సరే అంది. ఆ ఒక్కమాట అనడానికి ఆమెకెంత కష్టమైందో ఆయన పట్టించుకోలేదు. బల్లను వంటింటి వసారాలో సర్దుకుందామని మనసుకు చెప్పుకుని, కుట్టిన యూనిఫాంలు ఇవ్వడానికి స్కూలుకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి బల్ల ముక్కలై షెడ్డు గుమ్మం ముందు ఏటవాలుగా పరిచి ఉంది.

"గుమ్మం ఎత్తుగా ఉందే, చక్రాలు ఎక్కద్దూ? ఎలాగూ చోటు లేదు కదా అని కోశా," అన్నాడు టేపాయన, మెచ్చుకుంటుందేమోనని చూస్తూ.

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది.

బావమరిది లారీని వెనక్కి పోనిచ్చాడు. ఇటు తిప్పితే ట్రైలరు అటు పోతుంది. "కుడికి, కుడికి, అది కుడి కాదు," అంటూ టేపాయన చేతులూపుతుంటే పక్కింటివాళ్లు కుర్చీలు తెచ్చుకుని మరీ కూర్చున్నారు. చివరికి చక్రాలు బల్ల చెక్కల మీదుగా ఎక్కాయి. పడవ ఎక్కడా గీసుకోకుండా లోపలికెళ్లి ఓ గోడకు ఆనుకుంది. ఇంకో గోడ పక్కన బోలెడంత జాగా మిగిలింది.

బావమరిది ఆ జాగాలో చేతులు బార్లా చాపి నిలబడ్డాడు. "అక్కా, నీ బల్ల ఇక్కడ హాయిగా పట్టేది."

పడవ పొట్ట లోతును కూడా వెడల్పులో కలిపేశానని టేపాయనకు అప్పుడు వెలిగింది. అయినా ఒప్పుకుంటే టేపాయన ఎలా అవుతాడు?

"కుట్టులోకి వదిలాను," అన్నాడు.

ఆమె నెమ్మదిగా దగ్గరికొచ్చి ఆయన మెడలోని టేపు లాగి, తన మెడలో వేసుకుంది. పడవలోకెక్కి ఈ అంచు నుంచి ఆ అంచుకి అడ్డంగా కొలిచింది. ఆనక గుమ్మం ముందున్న చెక్కలు ఏరి తుడిచి పడవ అంచుల మీద బల్లలా పరిచింది.

"మిషను ఇటందుకో," అంది తమ్ముడితో.

మర్నాటినుంచి కుట్టు పనంతా పడవలోనే. సెలవురోజున టేపాయన కొత్త టోపీ పెట్టుకుని షెడ్డు ముందు నిలబడ్డాడు.

"ఏమే, ఇవాళ చెరువుకి తీసుకెళ్దామా?"

"నాన్న చేసినలాంటి బల్ల చేయించండి, దిగుతాను. కొలతలు మాత్రం మీరు తీయొద్దు," అంటూ ఆమె యూనిఫాంల కుప్ప ఆయన చేతికందించింది. ఆయన ట్రైలరు ఇనప కడ్డీ మీద కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టాడు.