మాస్కు లోపలి ఆమేన్

మా ఆయన ఆమేన్ అంటే చర్చిలో ఆఖరి బెంచీ దాకా వినపడుతుంది. ఇది పొగడ్త కాదు. ఆయన గొంతు పెద్దది, అంతే. ప్రార్థన చేసేవాళ్లు ఇలా ఆగడమే ఆలస్యం, అందరికన్నా ముందు ఆయన గొంతు లేస్తుంది. మాకు పెళ్లయి సీతాఫల్‌మండిలో కాపురం పెట్టిన నాటి నుంచి ఆ ఒక్క ఆమేన్ మా ఇల్లంతటికీ చెల్లిపోయింది. నేను పక్కన తల వంచుకుని కూర్చుంటే చాలు.

నాకూ అదే బాగుండేది. చిన్నప్పుడు నాకు బడి లేదు. రాంగోపాల్‌పేటలో మా అమ్మ పనిచేసే ఇళ్లకు వెంట పోవడమే నా చదువు. పెళ్లయ్యాక చర్చిలో ఆడవాళ్ల కూటానికి పోతే, ఒక్కొక్కరూ ఒక్కో వచనం చదివి బైబిలు పక్కవాళ్లకు అందించేవారు. నా దాకా వచ్చేసరికి కళ్లజోడు మరిచిపోయి వచ్చానని చెప్పేదాన్ని. అప్పటికి నాకు కళ్లజోడే లేదు. ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా పని నుంచి రిటైరయ్యాక, మా మనవరాలు పలక పట్టిన రోజుల్లో, ఆ పిల్ల పక్కన నన్నూ కూర్చోబెట్టి దిద్దించారు. అక్షరం సరిగ్గా వస్తే పలక మూలన రైటు గుర్తు పెట్టేవారు. తప్పైతే ఏమీ అనేవారు కాదు, తుడిచి మళ్లీ రాసిచ్చేవారు. అట్లా నేర్చిన అక్షరాలతోనే ఇది రాస్తున్నాను.

ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. రక్తనాళాలు మూసుకుపోయాయని ఎదురురొమ్ము ఎముక కోసి బైపాస్ చేశారు. మర్నాడు గొంతులో గొట్టం తీసేశారు. తీయగానే నీళ్లడిగారట. ఆ మాట విని మా కొడుకు ఆసుపత్రి మెట్లమీద కూర్చుని ఏడ్చాడు, నేను టీ తాగాను. అయిపోయిందనుకున్నాం.

కాలేదు. తర్వాతి రోజు నేను ఐసీయూ లోపలికి పోయేసరికి ఆయన పరుగెత్తి వచ్చినవాడిలా ఊపిరి తీస్తున్నారు. మాట మధ్యలో తెగిపోతోంది. డాక్టరమ్మ మా మనవరాలికన్నా నాలుగేళ్లు పెద్దదేమో, నన్ను పక్కకు పిలిచింది.

"అమ్మా, కుట్లు నొప్పిపుడతాయని ఆయన పైపైనే ఊపిరి తీస్తున్నారు. గట్టిగా దగ్గడం లేదు. దాంతో ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయింది. ఇప్పుడు ముఖానికి మాస్కు పెడతాం. అది గాలిని ఒత్తి లోపలికి పంపుతుంది. గొంతులో గొట్టం వెయ్యాల్సిన పని ఉండదు. కానీ ఆ మాస్కు తీయకూడదు."

"తీస్తే ఏమైతది?"

"తెరుచుకున్నది మళ్లీ మూసుకుపోతుంది. అట్లా అవుతూ ఉంటే గొట్టమే వెయ్యాలి. ఈ వయసులో రెండోసారి గొట్టం వేస్తే, అది ఎప్పుడు బయటికి వస్తుందో నేను మాటివ్వలేను."

నాకు అర్థమైంది. పూరీ పొంగినంతసేపే పూరీ. చిల్లు పడిందంటే మళ్లీ పొంగదు.

మాస్కు మీద నాకు ప్రేమ ఏమీ లేదు. ముక్కూ నోరూ కలిపి మూసేస్తుంది. తలచుట్టూ పట్టీలు లాగి బిగిస్తారు. పక్కనున్న మిషను బుస్సుమని గాలి పంపుతుంటే ఆయన చెంపలు ఉబ్బేవి. ముక్కుమీద ఎర్రగా ఒరుసుకుపోతే నర్సు అక్కడ మెత్తటి పట్టీ అంటించింది. ఆయనకు అది అసలు పడలేదు. చెయ్యి ఊరికే పట్టీల మీదికే పోయేది. మనిషి పక్కన ఉంటే నిమ్మళంగా ఉంటాడని, పగలు నన్ను మంచం పక్కన కూర్చోనిచ్చారు.

మాట్లాడటానికి లేదు కాబట్టి నా అరచేతిలో వేలితో రాసేవారు. పలక మీద నాకు దిద్దించిన వేలే అది. నీళ్లు అని రాస్తే నర్సునడిగి మాస్కు కాస్త పైకెత్తించి దూదితో పెదవులు తడిపించేదాన్ని. నడుము అని రాస్తే దిండు సర్దించేదాన్ని. ఒకసారి టీ అని రాశారు. "అది నేను తాగిన, బాగుండె" అన్నాను. కళ్లతో తిట్టారు.

పొద్దున బాగానే ఉండేది. డాక్టరమ్మ తెర మీద ఆక్సిజన్ అంకె చూసి తలూపేది. సాయంత్రానికి ఆ అంకె దిగిపోయేది. మళ్లీ గాలి పెంచేవారు. మళ్లీ పొద్దుటికి ఎక్కేది, మళ్లీ సాయంత్రం దిగేది. ఎక్స్‌రే తీశారు, నీరు చేరిందేమోనని మందిచ్చారు. గొట్టం మాట డాక్టరమ్మ నోట రెండోసారి వచ్చింది.

సాయంత్రం చూడవచ్చేవాళ్ల సమయం. ఒక్కో మంచానికి ఒకటే పాసు. అది నా దగ్గర ఉండేది. మా పాస్టరు అయ్యగారు, చర్చి సంఘంవాళ్లు వచ్చారని తెలియగానే నేను కిందికి దిగి పాసు వాళ్లకిచ్చి, లిఫ్టు దగ్గర కుర్చీలో కూర్చునేదాన్ని. ఒకరు పైకి పోయి ప్రార్థన చేసి దిగివచ్చి ఇంకొకరికి పాసు ఇచ్చేవారు. అట్లా వచ్చినవాళ్లంతా పోయి వచ్చేవారు. జబ్బుమనిషిని చూడబోయి ప్రార్థన చేయకుండా రావడం మాలో లేదు. పండ్లు లేకుండా పోవచ్చు, ప్రార్థన లేకుండా పోరాదు.

ఒక పొద్దున నర్సు నా దగ్గరికి వచ్చి నిలబడింది. కరీంనగర్ వైపు పిల్ల.

"అమ్మమ్మా, ఒక్క మాట చెప్తే తిట్టవు గద?"

"తిట్టేది ఉంటే అడిగినా తిడ్త. చెప్పు బిడ్డా."

"మీ దేవుని మాట, నేను అనొద్దు గని..." అని నసిగింది. "పొద్దుగాల తాత మంచిగనే ఉంటుండు. సాయంత్రం మీవోళ్లు వచ్చి ప్రార్థన షురూ జేస్తరు. ఆఖరికి తాత మాస్కు లేపి ఆమేనంటడు. ఒక్కలైపోంగనే ఇంకొకలు. నేను వద్దని జెప్పి పెడ్త, ఇంకో బెడ్డుకాడికి పోంగనే మళ్ల తీస్తడు. గప్పుడే పడిపోతున్నది ఆక్సిజన్. డాక్టర్ మేడంకు సుత చెప్పిన. ఇంట్లోవాళ్లే చెప్పాలె అన్నది."

నేను ఆ సమయానికి కింద కూర్చునేదాన్ని కదా, చూడలేదు. మంచం దగ్గరికి పోయాను.

"మాస్కు తీసి ఆమేనంటున్నరా?"

ఆయన కళ్లు మూసుకున్నారు. నిద్రపోయే మనిషి కళ్లు ఎట్లా ఉంటాయో నాకు తెలుసు.

"దొంగ నిద్ర వద్దు. దేవునికి చెవుడు వచ్చిందా, మీరు మాస్కు తీస్తే తప్ప వినపడకపోవడానికి?"

అరచేతిలో రాయబోయారు. కోపానికి వేలు సాగలేదు. చటుక్కున మాస్కు పైకెత్తారు.

"అయ్యగారు సైనిక్‌పురి నుంచి అంత దూరం వచ్చి ప్రార్థన చేస్తే, నేను నోరు మూసుకుని పడుంటే ఆయన..."

అంతే. మాట అక్కడే తెగింది. మిషను కూతపెట్టింది. పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి. తెర మీద అంకె నా కళ్లముందే మెట్లు దిగినట్టు దిగింది. నర్సు ఉరికొచ్చి మాస్కు ఒత్తి పట్టుకుంది. ఆ అంకె దిగడానికి ఒక్క మాట పట్టింది. మళ్లీ ఎక్కడానికి, నేను ఆయన పాదాలు పట్టుకుని కూర్చున్నాను కూర్చున్నాను, ఎంతకీ ఎక్కలేదు.

ఎక్కాక నర్సు నా వైపు చూసింది. చెప్పిన గదా అనలేదు. మంచి పిల్ల.

ఆ సాయంత్రం కిందికి దిగాను. లిఫ్టు దగ్గర మావాళ్లంతా ఉన్నారు. ఫ్లాస్కులు, బ్రెడ్డు పొట్లం, కొబ్బరిబోండాలు. అయ్యగారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. వందనాలు అయ్యాయి. పాసు కోసం చెయ్యి చాపింది మా ఆడవాళ్ల కూటం పెద్దావిడ. గుంటూరు మనిషి, నన్ను వదినా అంటుంది, నేనూ ఆమెను అట్లాగే పిలుస్తాను.

"ఈరోజు పాసు ఇయ్యను" అన్నాను.

"అదేంటి వదినా, ప్రార్థనకు కూడా పాసు లేదా?"

"పాసు ఉన్నది. ఊపిరే లేదు."

"మేం ప్రార్థన చేసేది ఆ ఊపిరి కోసమేగా."

"మీరు చేసినంతసేపు మంచిగనే ఉంటున్నది వదినా. ఆఖరికి ఆయన మాస్కు తీసి ఆమేనంటుండు. గా ఒక్క మాటకే పోతున్నది."

వెనక ఎవరో నవ్వి, వెంటనే దగ్గుగా మార్చుకున్నారు. వదిన మొహం ముడుచుకుంది. "ఇన్నేళ్లలో ప్రార్థన ఆపమన్నవాళ్లను నేనెక్కడా చూళ్లేదమ్మా" అంది, నాతో కాదు, బ్రెడ్డు పొట్లంతో.

అయ్యగారు మాత్రం కుర్చీలోంచి లేచి నా దగ్గరికి వచ్చారు. మెల్లగా అడిగారు. "నేను రాకపోతే ఆయన ఏమనుకుంటాడమ్మా? మంచం పట్టాక నేను వదిలేశాననుకోడూ?"

అది నిజమే.

"పోనీ, నేనొక్కణ్ణే వస్తాను. ఆమేన్ దాకా పోకుండానే ముగిస్తాను" అన్నారు.

నర్సును బతిమాలి ఇద్దరం పోయాం. అయ్యగారు మంచం పక్కన నిలబడి, గొంతు తగ్గించి మొదలుపెట్టారు. ఈయన కళ్లు మూసుకున్నారు. ప్రార్థన బాగానే సాగింది. గుండెను తలచారు, కుట్లను తలచారు, ఊపిరిని తలచారు. ఇక ముగించాలి. అక్కడ చిక్కొచ్చింది. ముప్పై నలభై ఏళ్లుగా ఆమేన్‌తో ఆపిన మనిషికి ఆమేన్ లేకుండా ఎట్లా ఆపాలో చేతకాలేదు. ముగింపు దాకా పోవడం, మా ఆయన చెయ్యి పట్టీల మీదికి లేవడం, అది చూసి అయ్యగారు గభాల్న వెనక్కి తిరగడం. మా పిల్లలను తలచారు. మనవలను తలచారు. డాక్టర్లను, నర్సులను, ఆ మిషన్ను, మిషనుకు వచ్చే కరెంటును తలచారు. పక్కమంచం ఆయన్ని తలచారు, ఆయన ఎవరో మాకు తెలియదు. ఇక తలచడానికి ఎవరూ మిగల్లేదు. గొంతు ఆగింది.

మా ఆయన చెయ్యి మాస్కు అంచు మీద ఉంది.

నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. రెండో అరచెయ్యి మాస్కు మీద ఆనించాను. లోపల గాలి బుస్సుమనడం నా అరచేతికి తెలుస్తోంది.

"ఆమేన్" అన్నాను.

ఎంత గొంతుతో అనాలో నాకు తెలియదు. ఎప్పుడూ అన్నదాన్ని కాదు కదా. గదిలో అటు చివర మంచం దాకా వినపడ్డట్టుంది, అక్కడి మనిషి తలెత్తి చూశాడు. అయ్యగారు అమ్మయ్య అన్నట్టు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"అమ్మమ్మా, జెర మెల్లగ" అంది నర్సు.

ఆయన కళ్లు తెరిచి నన్ను చూశారు. మాస్కు లోపల ఆవిరి కమ్మింది. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు. నవ్వుకు మాస్కు పక్కనుంచి గాలి పోయి మిషను కూతపెట్టింది.

"నవ్వు సుత వద్దు తాతా" అని నర్సు పట్టీ బిగించింది.

అప్పుడు నా అరచేయి తిప్పి వేలితో ఏదో గీశారు. అక్షరమనుకుని మళ్లీ గీయమన్నాను. అక్షరం కాదు. పలక మూలన పెట్టే రైటు గుర్తు.

ఆ రోజు నుంచి పాసు నా కొంగుకే ఉంది. మావాళ్లు లిఫ్టు దగ్గర ప్రార్థన చేసేవారు. నేను పైకొచ్చి ఎవరెవరు వచ్చారో ఆయనకు చెప్పి, మాస్కు మీద చెయ్యి ఆనించి, అందరి వంతుకూ కలిపి ఒక ఆమేన్ అనేదాన్ని. ఆయన కనురెప్పలు వాల్చేవారు. అది ఆయన వంతు. వదిన రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోరోజు నాకు పులిహోర డబ్బా తెచ్చింది, అప్పుడూ మాట్లాడలేదు.

సాయంత్రం అంకె దిగడం ఆగింది. డాక్టరమ్మ కొత్త ఎక్స్‌రే దీపానికి పట్టి, ముడుచుకున్నది తెరుచుకుంటోందని చూపించింది. నాకు మబ్బు తప్ప ఏమీ కనపడలేదు, అయినా తలూపాను. కాసేపు మాస్కు తీసి చూద్దాం, ట్రయల్ అంది. ముక్కుకు సన్నటి గొట్టం పెట్టి కూర్చోబెట్టారు. నేను తెరవైపు చూడలేదు, ఆయన పెదవుల వైపే చూస్తూ కూర్చున్నాను. రంగు మారలేదు. ట్రయల్ పెంచుతూ పోయారు. దిండు రొమ్ముకు హత్తుకుని దగ్గడం నేర్పారు. చివరికి మాస్కు నిద్రకు మాత్రమే మిగిలింది, తర్వాత దానికీ అక్కర్లేకపోయింది. గొంతులో గొట్టం మాట మళ్లీ రాలేదు. ముక్కుమీద మచ్చ చాలాకాలం ఉండిపోయింది.

ఇంటికొచ్చాక, డాక్టరమ్మ ఆటోలో కూర్చోవచ్చన్నాక, మొదటి ఆదివారం చర్చికి పోయాం. దిండు కూడా వచ్చింది. గాలి ఆడుతుందని తలుపు దగ్గర బెంచీలో కూర్చున్నాం. ప్రార్థన అయింది. అయ్యగారు ఆగి మా వైపు చూశారు. ఎప్పుడూ అందరికన్నా ముందు లేచే గొంతు లేవలేదు. చర్చి అంతా ఆ గొంతు కోసమే ఆగినట్టుంది.

ఆయన మోచేత్తో నన్ను పొడిచారు.

నేను ఆమేన్ అన్నాను. నా వెనక ఆయన, దిండు హత్తుకుని, ఊపిరి లోపలికి తీసుకుని, పిల్లవాడు కొత్త మాట పలికినట్టు చిన్నగా అన్నారు. ఆ తర్వాతే తక్కినవాళ్లు.

బయటికి వస్తుంటే వదిన ఎదురొచ్చింది. "ఏం అన్నయ్యా, ఇప్పుడు మీ ఇంటికి రెండు ఆమేన్లా?"

"ఆవిడదే ఖాయం" అన్నారు ఆయన, మాట మాటకూ ఆగి. "నాది... ఇంకా... ట్రయల్."

"మాటలు ఆపి నడువుండ్రి" అన్నాను. ఆటో గేటు బయట ఉంది. ఆయన నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి నింపుకుంటున్నారు. దిండు చంకన పెట్టుకుని ఆయన ఆగిన చోటల్లా నేనూ ఆగాను. ఆటోవాడు హారన్ కొడితే, కొట్టుకోనీ అన్నాను.