చెంగయ్య ఎడమ చూపుడు వేలు

చిత్తూరులో రెండు కోర్టులను ఒకే పూటలో గడగడలాడించిన వేలు ఒకటుంది. అది చెంగయ్యది. ఎడమ చూపుడు వేలు. పులితో కలబడి ఆ చెయ్యి విరగ్గొట్టుకున్నాడనీ, కట్టులోపల ఆ వేలు కాస్త కదిలితే చాలు కోర్టు గోడ మీది గడియారాలు ఆగిపోయేవనీ బంగారుపాళ్యం చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. చెప్పలేదంటే మీకు అడగడం చేతకాలేదన్నమాట.

మామిడి తోటలు పూతకొచ్చిన రోజుల్లో, పంచాయతీ ఎన్నికల ముందర, చెంగయ్య చెయ్యి విరిగింది. పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చాడు. వెదురు బద్దలు, పసరు, గుడ్డ చుట్టలు కలిసి మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా సొరకాయంత కట్టు. "నేను చెప్పే దాకా ఇప్పినావంటే చెయ్యి వంకర పోతాది" అని కట్టు కట్టినాయన ఒట్టు వేయించుకున్నాడు.

పోలింగు రోజు సిరా పెట్టే ఉద్యోగి ఆ సొరకాయను చూసి తల గోక్కున్నాడు.

"ఎడమ చూపుడు వేలు చూపించు."

"లోపల ఉండాదప్పా. కుడి చెయ్యి ఈడ ఉండాది గదా, దానికి పెట్టు."

"కుదరదు. కట్టు విప్పి రా."

విప్పితే చెయ్యి పోతుంది, విప్పకపోతే ఓటు పోతుంది. చెంగయ్య చేతిని దక్కించుకుని ఇంటికొచ్చాడు. సాయంత్రానికి లెక్క తేలింది. ఒకే ఒక్క ఓటు తేడాతో వార్డు మెంబరుగా తిరుమలమ్మ గెలిచింది. ఆమె ఎవరో కాదు, చెంగయ్య పెళ్లామే.

వీధంతా టపాకాయలు కాలుస్తుంటే చెంగయ్య కట్టు వైపే చూస్తూ కూర్చున్నాడు. వయసొచ్చిన నాటి నుంచి ఒక్క ఓటు కూడా మానని మనిషి. "మనిషిగా పుట్టినోడి హక్కు అది. కేసేస్తా!" అన్నాడు.

తిరుమలమ్మ మురిసిపోయింది. "ఎయ్యి మామా! నిన్ను వాపసు పంపినోడికి బుద్ధి రావాల." తన మోపెడ్ మీద వెనక కూర్చోబెట్టుకుని, హైవే మీద లారీలను దాటించుకుంటూ చిత్తూరు తీసుకెళ్లింది.

లాయరు మునిశేఖర్, చెంగయ్య చెప్పినట్టే, మానవ హక్కుల కేసులు వినే కోర్టులో అర్జీ పెట్టాడు. 'ఇది ఎన్నికల తగాదా, మా పరిధిలోకి రాదు' అని అది వెనక్కి వచ్చింది. కబురందుకుని మొగుడూ పెళ్లాలు మళ్లీ మోపెడ్ ఎక్కి పరుగున వచ్చారు.

"పంచాయతీ ఎన్నిక మింద గొడవంటే ఎన్నికల పిటిషనే ఎయ్యాలన్నా. హైకోర్టుకు పోయినా ఇదే మాట చెప్తారు. ఇదే ఆవరణలో జూనియర్ సివిల్ జడ్జి ముందర ఎయ్యాల. గడువు ఈ సాయంత్రంతో సరి" అన్నాడు మునిశేఖర్.

"అయితే రాయప్పా! సిరా పెట్టనోడి మింద ఎయ్యి!"

"వాడి మింద కాదన్నా. గెలిచినోళ్ల మింద ఎయ్యాల."

మోపెడ్ తాళం తిప్పుతున్న తిరుమలమ్మ చెయ్యి ఆగిపోయింది.

"నా మిందనా? నా బండెక్కి వచ్చి, నా మిందనే కేసా?"

"నీ మింద కాదు మే. నీ గెలుపు మింద."

"అన్న ఓటు పడుంటే ఫలితం మారేదని కూడా చూపించాలక్కా" అని మునిశేఖర్ ఇంకాస్త నెయ్యి పోశాడు.

"అంటే జయంతికి ఏసేవాడివా?" జయంతి అంటే ఆ ఒక్క ఓటుతో ఓడిపోయిన ఎదురింటామె.

"ఎవురికో చెప్పను. ఓటు రహస్యం."

"కట్టుకున్నదానికి గూడానా?"

"సట్టం అట్లుండాది."

తిరుమలమ్మ మొగుణ్ని పైనుంచి కిందికి చూసింది. పో అని బండెక్కి వెళ్లిపోతే అంతటితో కేసు అయిపోయేదే. కానీ లాయరు చేతిలోని కాగితాలు లాక్కుంది. "ఒంటి ఓటు మెంబరని ఇప్పటికే నవ్వుతా ఉండారు. తేలిపోనీ!" అంటూ జిరాక్సు అంగడికి పరుగెత్తింది. తన మీద వేసే కేసుకు తానే నకళ్లు తీయించి, ఒకటి తన సంచిలో పెట్టుకుని వచ్చింది.

పిటిషన్లు తీసుకునే గుమాస్తా కిటికీ మూయబోతున్నాడు. చెంగయ్య కట్టు చేతిని సందులో దూర్చాడు. ధడేల్! ఆ చప్పుడుకు ఆవరణంతా అదిరింది. అటు, అర్జీ వెనక్కి పంపిన కోర్టులో బోనెక్కిన సాక్షి ఒకడు ఉలిక్కిపడి నిజం చెప్పేశాడు. ఇటు పిటిషన్ లోపలికి పోయింది, నంబరు పడింది!

ఈ సంగతులన్నీ చెంగయ్య ముందర పెడితే ఆయన అన్నది ఇంతే:

"పులీ లేదు, గిలీ లేదు. పూతకు మందు కొడతా నిచ్చెన మింద నుంచి పడినా. కోర్టు అదరలేదు, వాయిదా ఇచ్చింది. ఓటు ఎవురికో ఇప్పుడూ చెప్పను. ఆ పొద్దు నుంచి ఒంటి చేత్తో నేనే వండుకుంటా ఉండా."