చొక్కా కింది రివాల్వర్

పదహారేళ్లు ఒక అబద్ధాన్ని మోశాను. నోరు తెరిచి చెప్పిన అబద్ధం కాదు. ఒక మనిషి నా గురించి తప్పుగా అనుకున్నాడు, నేను ఊరుకున్నాను. అంతే. కానీ నేను అలా ఊరుకున్నందుకు అతను తన కన్ను తానే పోగొట్టుకున్నానని నమ్ముతూ బతికాడు. నేనేమో మాట తప్పని మనిషినని పేరు తెచ్చుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసుంటే చెప్పేవాణ్ణి కాదేమో. నా పేరు అడగకండి. జనగామలో ఉంటున్నాను, ఉదయం పూట మోకాళ్ల నొప్పులతో నాలుగు వీధులు నడిచి వస్తాను, ఎదురైనవాళ్లు నమస్తే పెడతారు. ఆ నమస్తేలు తీసుకోవడం నాకు రోజురోజుకూ కష్టమవుతోంది.

మా ఊరు భూపాలపల్లి వైపు ఘనపూర్ దగ్గర, అడవిని ఆనుకుని. నాయిన ఊళ్లో పెద్దమనిషి. నక్సలైట్ అన్నల భయం ఉన్న రోజుల్లో ఆయనకు రివాల్వర్ లైసెన్సు వచ్చింది. ఆయన పోయాక అది నా పేరు మీదికి మారింది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీస్ స్టేషన్‌లో అప్పగించాలి, అయిపోయాక తెచ్చుకోవాలి. అంతకు మించి దానితో నాకు పనేమీ పడలేదు. పడాల్సిన ఒక్క రోజున నేను దాన్ని బయటికి తీయలేదు.

సమ్మయ్య మా అడవి పక్క చేనును పాలుకు చేసేవాడు. పంటలో సగం నాది, సగం అతనిది. ఇద్దరిదీ ఒకటే ఈడు. చిన్నప్పుడు ఒకే చెరువులో ఈత కొట్టినవాళ్లం. అయినా అతను నన్ను పటేలా అనేవాడు, నేను అతన్ని సమ్మిగా అనేవాణ్ణి. అది అప్పుడు నాకు వింతగా అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

ఆ ఏడు మక్కజొన్న చేను కోతకు వచ్చింది. అడవిపందులు మూడు రోజుల్లో సగం తొక్కేశాయి. సమ్మయ్య దగ్గర వాళ్ల నాయిన నాటి నాటు తుపాకి ఒకటి ఉండేది. గొట్టంలో మందు కూరి పేల్చేది, ఒక్కసారి పేలితే మళ్లీ నింపడానికి చాలాసేపు పడుతుంది. తెల్లవారుజామున జాడ పట్టుకుని పోదామన్నాడు. వేట నేరమని ఇద్దరికీ తెలుసు. ఆ తప్పూ నాదే. కానీ నన్ను ఇన్నేళ్లు తిన్నది అది కాదు.

ముందురోజు పొద్దుగూకే వేళ గట్టు మీద కూర్చున్నాం. నేనే మాట తెచ్చాను, రివాల్వర్ తెస్తానని. సమ్మయ్య బీడీ పక్కన పెట్టి నా వైపు తిరిగాడు.

"వద్దు పటేలా. నడుముకు అది పెట్టుకోని అడివికి రాకు."

"ఎందుకురా? నీ తుపాకి ఒక్కసారే పేలుతది. ఎలుగుబంటి ఎదురైతే ఏం జేస్తవ్?"

"ఒర్రుదాం. గొడ్డలుంటది. గుడ్డెలుగు తినటానికి రాదు, బుగులుపడి మీదికొస్తది. మనం బుగులుపడకుంటె సాలు."

"నాకు బుగులైతది మరి."

"గందుకే వద్దంటున్న." నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. "మా చిన్నాయినను పంది సంపలే పటేలా. ఎనుక నడిచినోని తుపాకి సంపింది. ఆకు కదిలిందని పేల్చిండు. అప్పటిసంది మా నాయిన ఒకటే మాట, ఎంతమంది పోయినా తుపాకి ఒక్కటే, అది ముంగట నడిచేటోని చేతులనే. నీ నడుముకు అదుంటే నా ఈపు అడివి దిక్కు సూడదు, నీ దిక్కే సూస్తది. తేనని చేతుల చెయ్యెయ్యి."

చేతిలో చెయ్యి వేశాను.

మర్నాడు పొద్దున్నే లేచి, చొక్కా కింద రివాల్వర్ పెట్టుకుని బయల్దేరాను.

ఎందుకు? ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో. భయం, నిజమే. కానీ భయమొక్కటే అయితే పోనని చెప్పి ఇంట్లో ఉండొచ్చు కదా. ఇంకోటి ఉంది, అది చెప్పడానికే సిగ్గు. నా చేను పాలుకు చేసేవాడు నా నడుముకు ఏం ఉండాలో నాకు చెప్పేదేందని లోపల ఎక్కడో అనుకున్నాను. గట్టు మీద నవ్వుతూ చెయ్యి వేసినవాణ్ణే. ఇంటికొచ్చి అన్నం తింటున్నప్పుడు వాడి 'రాకు' అన్న మాట గుచ్చుకుంది.

ఇప్పపువ్వు రాలే రోజులు. అడవంతా తియ్యటి వాసన. అతను ముందు, నేను వెనక. పందుల జాడ వాగు దాటి పొదల్లోకి పోయింది. అతను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. రివాల్వర్ బరువుకు లుంగీ జారుతుందేమోనని చెయ్యి పదేపదే నడుము మీదికి పోతోంది.

ఎలుగుబంటి ఇప్పచెట్టు కింద ఉంది, పిల్లతో. మేం చూసేసరికే అది లేచి నిలబడింది. సమ్మయ్య గొంతు చించుకుని ఒర్రాడు. అది ఆగలేదు. తుపాకి ఎత్తి నొక్కాడు. మంచుకు మందు చెమ్మగిల్లిందో ఏమో, తుస్సుమంది. గొడ్డలి అందుకునేలోపు అది అతని మీద పడింది.

నేను పది అడుగుల దూరంలో ఉన్నాను.

"పటేలా!" అని అరిచాడు. మళ్లీ "పటేలా!"

నా చెయ్యి చొక్కా కిందికి పోయింది. పిడి పట్టుకున్నాను. ఆ ఇనుము చల్లదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది. పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎంతసేపు? నాకు తెలియదు. కాలిస్తే సమ్మయ్యకు తగులుతుందని ఆగానా? అలా అని నాకు నేను చాలా ఏళ్లు చెప్పుకున్నాను. గాల్లోకి పేల్చినా చాలు కదా, ఆ చప్పుడుకే అది పారిపోయేది కదా. లైసెన్సు పోతుందని, కేసవుతుందని ఆగానా? అది కూడా చెప్పుకున్నాను. ఒట్టి భయంతో చెయ్యి రాలేదా? కావచ్చు. కానీ ఆ క్షణంలో నా తలలో నిజంగా మెదిలిన మాట ఒక్కటే, అది మరిచిపోదామన్నా మరుపు రావడం లేదు. దీన్ని బయటికి తీస్తే, తెచ్చానని సమ్మిగానికి తెలిసిపోతుంది.

ఛీ. మనిషి ముఖం చీలిపోతుంటే నేను ఆలోచించింది అది.

ఎలుగుబంటి దానంతట అదే వదిలేసి పిల్ల వెనక పోయింది. నేను ఏమీ చెయ్యలేదు, కనీసం ఒక రాయి కూడా విసరలేదు.

ఇంకొకటి ఉంది. దీన్ని దాటేసి పోదామనుకున్నాను, కానీ ఇంతదాకా వచ్చాక దాచడమెందుకు? సమ్మయ్య నేల మీద మూలుగుతున్నాడు. వాణ్ణి వీపు మీద వేసుకుని రోడ్డు దాకా మోయాలి. మోస్తే నడుముకున్నది వాడి ఒంటికి తగులుతుంది. అందుకని నేను ముందు వాడి దగ్గరికి పోలేదు. ముందు పక్కనున్న పుట్ట దగ్గరికి పోయి, బొరియలోకి రివాల్వర్ తోసి, పైన ఆకులు కప్పాను. సరిగ్గా కప్పానా లేదా అని మళ్లీ చూసుకున్నాను. అప్పుడు పోయాను వాడి దగ్గరికి.

వీపు మీద మోసుకుపోతుంటే నెత్తురు నా మెడ మీదుగా కారింది. నా చెవి దగ్గర గుసగుసలాడాడు.

"నేనే వద్దంటి పటేలా. నీ చిన్న తుపాకి ఉంటె నన్ను కాపాడుకుందువు. నా బుద్ధి గడ్డి తిన్నది."

అప్పుడు చెప్పాల్సింది. అప్పుడు గానీ, మర్నాడు గానీ.

"ఊకో, మాట్లాడకు," అన్నాను.

ట్రాక్టర్ మీద భూపాలపల్లి, అక్కణ్ణుంచి వరంగల్ దవాఖాన. ఇప్పపువ్వు ఏరబోతే ఎలుగుబంటి పడిందని డాక్టర్లకు చెప్పాం. ఎడమ కన్ను పోయింది, ఎడమ చెంప పోయింది. మర్నాడు ఊరికి వెళ్లి పుట్టలోంచి రివాల్వర్ తెచ్చుకుని, తుడిచి, బీరువాలో పెట్టి, మళ్లీ దవాఖానకు వచ్చి వాడి మంచం పక్కన కూర్చున్నాను. పదకొండు రోజులు కూర్చున్నాను. అందరూ మెచ్చుకున్నారు.

వాడు కోలుకుని ఊరికి వచ్చాక కనబడ్డవాళ్లందరికీ అదే చెప్పేవాడు. పటేలు తెస్తనన్నడు, నేనే చేతుల చెయ్యేపిచ్చుకున్న, పటేలు మాట తప్పలే. ఊళ్లో నా మాటకు విలువ పెరిగింది. అన్నదమ్ముల గొడవలు, గట్ల పంచాయితీలు నా దగ్గరికి వచ్చేవి. పటేలు చెయ్యేస్తే ఏసినట్టే అనేవారు. నేను తలూపుతూ కూర్చునేవాణ్ణి. సిగ్గులేని మనిషిని.

వాడి బిడ్డను కేసముద్రంలో ఇచ్చారు. మార్కెట్ యార్డులో హమాలీ పని చేసే పిల్లవాడు. పెళ్లి భోజనాల దగ్గర వియ్యంకుడు ముఖానికేమైందని అడిగాడు. సమ్మయ్య తువ్వాల పక్కకు జరిపి, నా భుజం మీద చెయ్యి వేసి అన్నాడు, "మా పటేలు తప్పేం లేదు బావా. నా నోరే నా కన్ను తీసింది." నేను పక్కనే ఉన్నాను. పళ్లెంలో అన్నం అలాగే ఉంది. వియ్యంకుడు నా వైపు గౌరవంగా చూశాడు.

తర్వాత పిల్లల చదువులని జనగామకు వచ్చేశాను. దూరమైతే బరువు తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. కిందటి ఎన్నికలప్పుడు రివాల్వర్ తిరిగి ఇస్తూ కానిస్టేబుల్ గుండ్లు లెక్కబెట్టాడు. "ఆరు ఇచ్చిన్రు, ఆరు తీసుకోండ్రి సార్. ఒక్కటి గూడ కాల్చలేదా ఇన్నేండ్లల్ల?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. బయటికొచ్చి మోటార్ సైకిల్ స్టార్ట్ చెయ్యలేకపోయాను.

నెల కింద సమ్మయ్య ఫోన్ చేశాడు. పందులు మళ్లీ మక్క మీద పడుతున్నాయట. పెద్దకొడుకు చేను కావలికి పోతున్నాడట. ఇద్దరు పిల్లల తండ్రి వాడు, పెద్దవాడే.

"ఎవలి దగ్గర్నో చిన్న తుపాకి కొనుక్కచ్చిండు పటేలా. నేను వద్దనలే. నడుముకు పెట్టుకొనే పో అన్న. మా నాయిన మాట ఇని నేనేమైన్నో సూసినం గదా. మంచిపనే చేసిన గదా?"

"మంచిపనే," అన్నాను.

ఎంత తేలిగ్గా అన్నానో. వాళ్ల నాయిన ఒక చావు చూసి పెట్టుకున్న కట్టుబాటు అది. పదహారేళ్ల నా మౌనం దాన్ని వాడి చేతనే తీసేయించింది. ఆ రోజు రెండో తుపాకి లేక కాదు కదా వాడి కన్ను పోయింది. ఉంది. నా నడుముకే ఉంది, ఉండీ వాణ్ణి కాపాడలేదు. అడవికి పోతే నడుముకు తుపాకి ఉండాలా వద్దా అని ఎవరైనా అడిగితే నా దగ్గరున్న జవాబు అదొక్కటే, ఆ జవాబును నేను బొరియలో దాచాను.

మొన్న మళ్లీ ఫోన్ వచ్చింది. సమ్మయ్యే.

"పోరడు పేల్చిండు పటేలా. పొదల సప్పుడైతె పంది అనుకున్నడు. వాళ్లమ్మ. ఇప్పపువ్వు ఏరుతున్నది. గంపకు తాకి పోయింది గుండు. మనిషికేం కాలే." నన్నే అడిగాడు. "ఏం జెయ్యాలె పటేలా? ఉంచుమంటవా, తీసెయ్యమంటవా? నువ్వెట్లంటె అట్ల."

నువ్వెట్లంటె అట్ల. మళ్లీ చేస్తానని పెట్టేశాను. నా భార్య ఏమైందని అడిగింది. ఏమీ లేదన్నాను. ఎన్నిసార్లు అన్నానో ఆ మాట ఈ ఇంట్లో.

నిన్న పొద్దున చేశాను. కుర్చీలో కూర్చోలేక నిలబడే మాట్లాడాను. తుపాకి తీసేయమన్నాను, మీ నాయిన చెప్పిందే సరైనదన్నాను. "మరి ఆ రోజు..." అని వాడు మొదలుపెట్టాడు.

"ఆ రోజు నా నడుముకు ఉండె సమ్మయ్యా. నీకు మాటిచ్చి తెచ్చిన. పిడి మీద చెయ్యి గూడ ఏసిన. తియ్యలే. నిన్ను లేపకముందు దాన్ని పుట్టల దాసిన. నీ మాట వల్ల కాదు, నా వల్లనే."

సమ్మిగా అనలేకపోయాను, సమ్మయ్యా అన్నాను.

అవతల ఎక్కడో మేక అరిచింది. కొమురక్క, వాడి భార్య, ఎవరితోనో మాట్లాడుతోంది. ఫోన్ కట్ అయిందేమోనని చూశాను. కాలేదు. తిడతాడేమోనని ఎదురుచూశాను. తిడితే బాగుండుననిపించింది.

"ఎన్ని గుండ్లుండె అండ్ల?" అన్నాడు చివరికి.

పటేలా అనలేదు.

"ఆరు," అన్నాను.

ఫోన్ పెట్టేశాడు. ఇప్పటిదాకా మళ్లీ చెయ్యలేదు, నేను చేస్తే ఎత్తడం లేదు. ఎత్తమని అడిగే హక్కు నాకు లేదు. కొడుకు చేతిలోంచి తుపాకి తీసుకున్నాడో లేదో కూడా నాకు తెలియదు. తీసుకున్నాడనే అనుకుంటున్నాను, అలా అనుకోకుండా ఉండలేను.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. వాడు తన నోరు తన కన్ను తీసిందని ఇంకెవరికీ చెప్పుకోనక్కర్లేదు, అది చాలు. పదహారేళ్లలో నేను వాడికి నిజం చెప్పింది నిన్న పొద్దున ఒక్కసారే.