గురప్ప, నాలుగు తలుపులు, పత్తికొండ దుమ్ము

లోకంలో బిగుసుకుపోయింది ఏదైనా సరే, నూనె పోస్తే లొంగుతుందని గురప్ప నమ్మకం. ఇది ఆయన సొంతంగా కనిపెట్టింది కాదు. తండ్రిది, తాతది. ముగ్గురూ బండిచక్రాలు చేసి బతికినవాళ్లే. ఇరుసుకు కందెన, బావిగిలకకు ఆముదం, మోకాలికి నువ్వులనూనె. కర్నూలు రాజధాని అయి, కచ్చేరీలు డేరాల్లో కూర్చున్న ఏడాది ఊళ్లో మోటార్లు పెరిగాయి. గురప్ప బాడిస పక్కన పెట్టి స్పానరు పట్టాడు. చేతిలో పనిముట్టు మారింది గాని బుర్రలో నమ్మకం మారలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ చిక్కు డాక్టరు దావీదురాజు గారి నల్లకారు రూపంలో వచ్చింది. యుద్ధానికి ముందెప్పుడో ఓడలో దిగిన బండి. ఇంజనుకు ఢోకా లేదు. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు పట్టీలు, మెకానిక్కులు బీడింగు అంటారే అవి, ఎండలకు పెళుసెక్కి అప్పడం ముక్కల్లా రాలిపోయాయి. ఆ సందుల్లోంచి దుమ్ము.

దుమ్మంటే ఎక్కడైనా ఒకటే అనుకుంటారు తిరగనివాళ్లు. కడప వైపు దుమ్ము ఎర్రన. పంచెకు పట్టిందంటే చాకలికీ మీకూ తగవు పెడుతుంది. నల్లరేగడి దుమ్ము చినుకు పడేదాకా మర్యాదస్తురాలు, పడ్డాక చెప్పు లాక్కుంటుంది. పత్తికొండ దారి దుమ్ముది వేరే జాతి. విభూతిలా మెత్తన. చప్పుడు చేయదు. సద్దిమూటలోకి, గడియారంలోకి, వాసెన కట్టిన పచ్చడి జాడీలోకి కూడా దూరుతుంది. ఈ సీమను గెలిచిన రాజులెవరూ ఎందుకు నిలవలేదో చరిత్రకారులు లావు పుస్తకాలు రాశారు. ఒక్క వేసవి ఆ దారిన పోయి వచ్చి ఉంటే కారణం వాళ్ల ముక్కుల్లోనే దొరికేది.

దావీదురాజు గారికి ఉబ్బసం. అయినా ప్రతి గురువారం పత్తికొండ అవతలి పల్లెలకు మందులపెట్టె వేసుకుని పోతాడు. అందులో ఒక పల్లెలో గురప్ప అక్క ఈరక్క ఉంది. ఆమెకు క్షయ. ఆయన తెచ్చే మందు మీదే నాలుగు నెలలుగా లేచి కూర్చుంటోంది. బస్సెక్కాలంటే రెండు కోసులు నడవాలి. ఆమెకు వాకిలి దాటడమే గగనం.

"గురప్పా, ఇక నా వల్ల కాదు" అన్నాడు డాక్టరు, మాటకొకసారి దగ్గుతూ. "ఈసారి రబ్బరు కుదరకపోతే బండి అమ్మేస్తా. రోగులే కర్నూలు రావాల."

గురప్ప మద్రాసుకు ఉత్తరం రాయించాడు. రబ్బరు రెండు నెలలకు రైలు పార్సెలులో దిగింది. గోనెలోంచి తీస్తే ఎండి చచ్చిన పాములా ఉంది. గాడిలో ఒక కొస తోస్తే రెండో కొస బయటికి లేచింది. దాన్ని తొక్కిపెడితే ఇది. స్క్రూడ్రైవరు జారి బొటనవేలు చీరింది. మధ్యాహ్నానికి ఒక జానెడు కూర్చుంది. గురప్ప నీళ్లు తాగి వచ్చేలోగా ఆ జానెడూ లేచి నిలబడింది.

"దీని దుంపతెగ! దొరలు పోయినా దొరల బండికి పొగరు పోలేదు!"

భార్య హంపమ్మ తల ఆరబెట్టుకుంటూ చూస్తోంది. "కుంకుడు రసం పూయరాదా? జర్రున జారతాది, ఆరితే పట్టుకుంటాది."

"ఇది మోటారు మే, నీ తలకాయ గాదు."

ఆయన తన తాతనే తలుచుకున్నాడు. గంగాళంలో బుడ్డల నూనె పోసి, రబ్బరంతా చుట్టచుట్టి రెండు రోజులు నానబెట్టాడు. తీస్తే మెత్తగా, బొద్దుగా, ఇడ్లీలా ఉంది. గాడిలోకి వెన్నలా దిగింది. "చూసినావా?" అన్నట్టు హంపమ్మ వైపు మీసం దువ్వాడు.

రబ్బరుకు ఆ వేరుశనగ నూనె పడదని, తాగిన కొద్దీ ఉబ్బుతుందని ఆయనకు చెప్పినవాళ్లెవరు? చక్రాలు చేసే తాతకు రబ్బరు ఏం తెలుసు?

గురువారం పొద్దున డాక్టరు ఎక్కి కూర్చుంటే తలుపు పడలేదు. గురప్ప వీపు ఆనించి తోశాడు. కాలితో తన్నాడు. ధబ్బున పడింది. మిగతా మూడూ అలాగే వేశాడు. "దుమ్ము గాదు, దయ్యం గూడ దూరదు డాక్టరయ్యా!"

నిజమే. ఒకసారి తీసి చూద్దామని పిడి తిప్పిన డాక్టరు కూడా బయటికి రాలేకపోయాడు. నాలుగు తలుపుల్లో ఒక్కటీ తెరుచుకోలేదు. పిడి చేతికి ఊడి వచ్చింది. చివరికి అద్దం దించి, తల, తర్వాత భుజాలు బయట పెట్టి, నడుము దగ్గర ఇరుక్కున్నాడు. గురప్ప చంకల్లో చేతులు వేసి లాగుతున్నాడు.

పక్కింటి సాలెవాడు సుంకన్న మగ్గం వదిలి వచ్చాడు. "ఏమప్పా గురప్పా, డాక్టరయ్యకే కాన్పు చేస్తాండావా?"

డాక్టరు నవ్వలేదు. చొక్కాకు అంటిన నూనె చూసుకున్నాడు. "వచ్చే గురువారం. అంతే. తర్వాత అమ్మకమే."

ఆ వారం ఈరక్కకు మందు పోలేదు.

మద్రాసు రబ్బరు మళ్లీ రావాలంటే రెండు నెలలు. గురప్ప ఉబ్బిన రబ్బరును పీకి దిబ్బ మీద విసిరాడు. తాతను తిట్టాడు, దొరలను తిట్టాడు, బుడ్డలు పండే నేలను తిట్టాడు. తిట్లయిపోయాక పాత లారీ ట్యూబు తెచ్చి సన్నని పేలికలుగా కోసి, వేలి లావున చుట్టాడు. దానికి తొడుగు కావాలి. సుంకన్న దగ్గర ముతక గుడ్డ తెచ్చి హంపమ్మ ముందు పడేశాడు.

ఆమె మూడు రోజులు కుట్టింది. "అత్తకు కుట్టినాను, బిడ్డకు కుట్టినాను. మోటారుకు రవిక కుట్టేది నా నొసట రాసుండె!"

ఆదివారం గురప్ప ఆ గుడ్డ పట్టీని గాడిలోకి తోసి తోసి విసిగి, గొంతు సవరించుకున్నాడు. "మే, ఆ కుంకుళ్లు యాడ పెట్టినావు?"

"మోటారుకా, తలకాయకా?"

"ఇయ్యి మే, సంపొద్దు!"

జర్రున జారింది. గాడి లేనిచోట చెప్పులకు కొట్టే మేకులు కొట్టాడు. తలుపులు వేశాడు, తీశాడు. నమ్మకం చాలక మళ్లీ వేశాడు.

గురువారం తానూ బండెక్కాడు. వెనక సీటు మీద తన తెల్లపంచె పరిచి, దాని పక్కన ఒదిగి కూర్చుని, తలుపుల వైపు ఒక్కొక్కదాన్నీ దొంగను చూసినట్టు చూస్తూ పోయాడు. పత్తికొండ దాటాక దారి మొత్తం లేచి వెంటపడింది. డాక్టరు రెండుసార్లు దగ్గాడు. గురప్ప రెండుసార్లు చచ్చాడు.

ఈరక్క వాకిట బండి ఆగింది. డాక్టరు దిగి, వెనక తలుపు తీసి పంచె చూశాడు. మూడు వైపులా తెలుపే. ఎడమ మూలన మాత్రం ముగ్గు పోసినట్టు సన్నని గీత. వేలితో తుడిచి, వాసన చూసి, గట్టిగా తుమ్మాడు.

"ఈ మూల వదిలేసినావు గురప్పా."

"అయ్యా..."

"వచ్చే గురువారానికి సరి చెయ్యి" అని మందులపెట్టె అందుకున్నాడు.

లోపల మంచం మీంచి ఈరక్క గొంతు లేచింది. మనిషి పుల్లలా ఉన్నా గొంతుకు క్షయ లేదు. "ఏమిరా, పోయిన వారం యాడ సచ్చినారు?"

"బుడ్డల నూనెలోక్కా" అన్నాడు గురప్ప, జేబులో మేకుల కోసం వెతుక్కుంటూ.