గోనెపట్టా మీద నాలుగు వాల్వులు

నా చిన్నప్పుడు క్రమం అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసునని గట్టి నమ్మకం ఉండేది. బడిలో ప్రార్థన వేళ పిల్లలను ఎత్తు ప్రకారం నిలబెట్టే బాధ్యత నాది. ఇంట్లో గుమ్మం పక్కన చెప్పుల జతలు తిన్నగా లేకపోతే నాకు అన్నం సయించేది కాదు. ఆ నమ్మకమే ఒక పెద్దమనిషి జీవనోపాధిని పోగొట్టబోయిన రోజు ఒకటి ఉంది.

అవి ఎనభైలు. మా నాన్నగారు సినిమాలకు పాతకాలపు వాహనాలు సమకూర్చేవారు. ఫిల్మ్ నగర్ వాలులో, బండరాళ్ల నడుమ మా ఇల్లు. వెనుక రేకుల షెడ్డు. అందులో నాన్నగారు అన్నిటికన్నా అపురూపంగా చూసుకున్నది దొరల కాలంలో ఇంగ్లండు నుంచి వచ్చిన రెండు సిలిండర్ల మోటారుసైకిల్. దాని ఇంజను విప్పే ధైర్యం మా షెడ్డులో పనిచేసే ముసలి మెకానిక్ ఉస్తాద్ తాత ఒక్కరికే ఉండేది. మన బజారులో దొరికే పానాలు ఆ నట్లకు పట్టవు. ఇంగ్లీషు కొలతల పానాలు ఆయన ఖాకీ గుడ్డలో చుట్టి తెచ్చుకునేవారు. వాల్వు స్ప్రింగును నొక్కిపట్టే ఇనుప బిగింపును తానే గీసి, కమ్మరి చేత చేయించుకున్నారు.

అప్పటికే ఆయన చేతులు కొంచెం వణకడం మొదలైంది. రెండుసార్లు పని ఆలస్యమై నాన్నగారు నిర్మాతల ముందు మాట పడ్డారు. ఆ ఉదయం నాన్నగారు షెడ్డు గుమ్మంలో నిలబడి చెప్పిన మాట నేను విన్నాను. "రేపు పొద్దున్నే షూటింగు ఉంది ఉస్తాద్. ఈ సాయంత్రానికి బండి స్టార్ట్ కాకపోతే ఇక పని వేరేవాళ్లకి ఇవ్వక తప్పదండీ. కోపం కాదు, నా మాట పోతోంది." ఉస్తాద్ తాత తల ఊపి, పనిలో కూర్చున్నారు.

వాల్వుకు గరుకు పేస్టు రాసి, రబ్బరు కప్పు ఉన్న కర్రను దానికి అంటించి, మజ్జిగ చిలికినట్లు అరచేతుల మధ్య తిప్పుతూ, దాని గూటిలోనే దాన్ని నూరడం ఆయన పద్ధతి. అలా నాలుగింటినీ నూరి, తుడిచి, మిగిలిన భాగాలతో పాటు గోనెపట్టా మీద పరచి, భోజనానికి వెళ్లారు.

బడికి సెలవు కావడంతో నేను షెడ్డులోకి తొంగిచూశాను. గోనెపట్టా మీద అంతా చిందరవందరగా కనిపించింది. వాల్వులను తోసే కడ్డీల్లో ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. ఒక వాల్వు ఇటు, దాని జోడు ఎక్కడో అటు. నేను సహించలేకపోయాను. అన్నిటినీ శుభ్రంగా తుడిచి, చిన్నవి ముందు, పెద్దవి వెనుక, ఒకే రకానివి ఒకే వరుసలో పేర్చాను. చూడముచ్చటగా ఉంది. మెప్పు కోసం అక్కడే నిలబడ్డాను.

తిరిగివచ్చిన ఉస్తాద్ తాత గోనెపట్టా ముందు ఆగారు.

"ఎవరు సర్దిండ్రు బిడ్డా గిట్ల?"

"నేనే తాతా. గందరగోళంగా ఉంటేనూ..."

ఆయన నెమ్మదిగా కింద కూర్చుని, ఉన్నట్టుండి నవ్వారు. "ఇస్కూల్ల పోరగాండ్లను నిలబెట్టినట్టే నిలబెట్టినవ్ గదనే! జర ఒక గిన్నెల కిరోసిన్ పట్టుకరా పో."

కిరోసిన్ తెచ్చాక ఆయన చెబితే నాకు అర్థమైంది. ఆ గోనెపట్టా మీద అంతకుముందు ఉన్నది ఇంజను నమూనా. ఎడమ సిలిండర్‌వి ఎడమన, కుడివి కుడిన, ఏది ఎటు తిరిగి బిగించి ఉండేదో అటే తిప్పి ఆయన పరిచారు. నూరిన వాల్వు తన గూటికి తప్ప మరో గూటికి అమరదు. "చూస్తే అన్నీ ఒక్క తీరుగనే ఉంటయ్. ఏండ్ల సంది ఏది ఏడ అరిగిందో, దాని జాగ గదే," అన్నారు.

సిలిండర్ హెడ్‌ను బోర్లా పెట్టి, వాల్వులు వేసి, నా చేత కిరోసిన్ పోయించారు. సొంత గూటిలో ఉంటే చుక్క దిగదు. పరాయి గూటిలో ఉంటే కింది రంధ్రం అంచున తడి మెరుస్తుంది. మార్చి, తుడిచి, మళ్లీ పోసి చూశాం. కడ్డీల కొనలు వెలుతురులో తిప్పి, అరుగుదల గుర్తులను బట్టి ఏది ఎక్కడిదో తేల్చారు. అన్నిటి చోట్లూ దొరికేసరికి ఎండ దిగిపోయింది. ఇంజను మాత్రం ఇంకా విడిగానే ఉంది.

నాన్నగారు వచ్చారు. చూడగానే ముఖం వాడిపోయింది. "ఏంటి ఉస్తాద్ ఇది?"

"చేతులల్ల తాకత్ తగ్గింది సార్. మీరన్నది నిజమే," అని ఆయన పానాలను ఖాకీ గుడ్డలో చుట్టడం మొదలుపెట్టారు. నా వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నిందగా చూసి ఉంటే నేను మొండికేసి మాట్లాడేదాన్ని కాదేమో. పానాలు ఒక్కొక్కటే గుడ్డలోకి వెళ్లాయి. చివరి ముడి వేస్తుండగా చెప్పేశాను: "నాన్నగారూ, తాత తప్పు లేదు. అన్నీ నేనే కలిపేశాను."

నాన్నగారు ఆయన వైపు తిరిగారు. "మరి మీరెందుకు చెప్పలేదు?"

"పిల్ల సాఫ్ జేసింది సార్, ఖరాబ్ చెయ్యలే. గా సామాను ఎందుకట్ల పెట్టిననో నేనే చెప్పి పోవాల్సింది."

నాన్నగారు నన్ను తిట్టలేదు. లోపలికి వెళ్లి ఫోను చేసి, మోటారుసైకిల్ దృశ్యం మధ్యాహ్నానికి జరపమని బతిమాలుకున్నారు. మర్నాడు పది గంటలకల్లా ఇంజను పలికింది. ఆ తరువాత కళ్లు కనిపించినన్నాళ్లూ ఉస్తాద్ తాతే మా షెడ్డులో పని చేశారు.

నేను ప్రధానోపాధ్యాయురాలినై చాలా ఏళ్లు పాఠశాలలు నడిపాను. కఠినురాలిననే పేరు కూడా వచ్చింది, కాదనను. కానీ ఏ పిల్లవాడి పుస్తకమైనా, ఏ గుమాస్తా బల్లయినా అస్తవ్యస్తంగా కనిపిస్తే, చేయి వేయకముందు "ఇది ఇలా ఎందుకు పెట్టావు?" అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేవరకు వింటాను. సగంసార్లు నేను సర్దవలసినది అక్కడ ఏమీ ఉండదు.