ఒలావో ముక్కు, రెండువందల పన్నెండో చెట్టు

మా ఆయన ఒలావో బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. చెట్లను మాత్రం ముక్కుతో చదివేవాడు. బెరడు మీద కత్తితో చిన్న గాటు పెట్టి, ఊడొచ్చిన పెచ్చును ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ఊరంతా తన నోటికేసే చూస్తున్నట్టు కాసేపు ఆగి అప్పుడు పేరు చెప్పేవాడు. మా అడవిలో ఆకులు చూసి చెప్పడం కుదరదు. అవి ఎక్కడో పైన, ఇంకో నాలుగు చెట్ల కొమ్మల్లో కలిసిపోయి ఉంటాయి. మనిషికి అందేది బెరడే.

పట్నం నుంచి డాక్టర్ లీవియా వచ్చేది. రోగాల డాక్టరు కాదు, చెట్ల డాక్టరు. నదికి అవతల ఓ అడవి ముక్క చుట్టూ తాడు కట్టి, అందులో ఆరువందల చెట్లకూ నంబరు బిళ్లలు కొట్టి, ఐదేళ్లకోసారి లెక్క చూసేది. పేర్లు చెప్పడం ఒలావో పని, వంట నా పని.

నాలుగో లెక్కకు నెల ముందు ఆయనకు జ్వరమొచ్చింది. అది పోతూ పోతూ ముక్కును కూడా పట్టుకుపోయింది. పొయ్యి మీద చేప బొగ్గయిపోతుంటే పక్కనే కూర్చుని, "ఇంకా ఉడకలేదా?" అని అడిగాడు.

"డాక్టరమ్మకు చెప్పేయవయ్యా," అన్నాను.

"చెప్పి? ముక్కు పోయిన కుక్కను వేటకు తీసుకెళ్తారటే?"

"కుక్కకు నీ అంత గొప్పలు లేవులే."

నవ్వలేదు. మా ఊరి రేవులో అందరికీ ఏదో ఒక పేరుంది. ఒకడు పడవలు బాగా చేస్తాడు, ఒకడు వలలు. మా ఆయనకు ఆ ముక్కొక్కటే ఉంది. అది పోయిందని తెలిస్తే ఇక ఆయన ఉత్త ఒలావో. అందుకే నా ముక్కు అప్పిచ్చాను.

కాఫీ ఫ్లాస్కు పట్టుకుని ఆయన వెనకే నిలబడేదాన్ని. ఆయన పెచ్చు వాసన చూసినట్టు నటించి చెయ్యి వెనక్కి పెట్టేవాడు. నేను చూసి, వంటగోల పెట్టినట్టు గొణిగేదాన్ని.

"అయ్యో, వెల్లుల్లి నిండుకుంది."

"వెల్లుల్లి చెట్టు!" అని ప్రకటించేవాడు ఒలావో.

"పచ్చి చిక్కుళ్లు వొలవాలి."

"చిక్కుడు జాతిది, డాక్టరమ్మా. గట్టి చెక్క."

"ఈ ఆదివారమైనా చర్చికి పోవాలి."

"బ్రెయు! సాంబ్రాణి బంక కారే చెట్టు."

"జిల్దక్కా, నీకు వంటిల్లూ చర్చీ తప్ప వేరే ధ్యాసే లేదా?" అంది డాక్టరమ్మ పుస్తకంలోంచి తలెత్తకుండానే.

"ఏం చెయ్యను తల్లీ, ఆడదాని బతుకు," అన్నాను. నవ్వు ఆపుకోలేక ఒలావోకు దగ్గొచ్చింది.

మూడోరోజు రెండువందల పదకొండు దగ్గర చర్చికి పోవాలన్నాను. బ్రెయు. పక్కనే, చెయ్యి చాస్తే అందే దూరంలో పన్నెండు. పాత లెక్కల ప్రకారం పుస్తకంలో అదీ బ్రెయునే. పెచ్చు నా చేతికొచ్చింది. చూశాను. మళ్లీ వాసన చూశాను.

"చర్చేనా?" అన్నాడు పెదాలు కదపకుండా.

"చర్చి కాదు."

"మరి?"

"ఏమో. మన వంటింట్లో లేనిది."

ఆయన పదకొండునూ పన్నెండునూ మార్చి మార్చి చూశాడు. మా అడవిలో తల్లి కింద పిల్ల బతకదు. రాలిన గింజలను పురుగులు అక్కడే తినేస్తాయి. అగూతి ఎలుక ఎత్తుకుపోయి దూరాన పాతి మరిచిపోయిన గింజే మొలుస్తుంది. ఒకే జాతివి రెండు పక్కపక్కనే కనిపిస్తే అనుమానించాలని పడుచువాళ్లకు పాఠం చెప్పేది ఈయనే.

"మొదటి లెక్కలో," గొణిగాడు, "వాన. ఆకలి. నువ్వు తంబాకీ చేప కాలుస్తున్నావు. దీనికి గాటే పెట్టలేదే. పక్కదాని తమ్ముడేలే అని చెప్పేశాను. తర్వాత కూడా అదే చెప్పుకుంటూ వచ్చాను."

"పుస్తకంలో ఉన్నదే చెప్పు. గొడవుండదు. కాదంటే వాసనేమిటని నిన్నే అడుగుతుంది."

కాసేపు చెట్టు మొదలు నిమురుతూ నిలబడ్డాడు.

"మనుషులకు అబద్ధం చెప్పొచ్చే జిల్దా," అన్నాడు, "దీని మొహం మీద ఎలా చెప్పను?" గొంతు పెంచాడు. "డాక్టరమ్మా! ఇది బ్రెయు కాదు. పదిహేనేళ్లుగా తప్పు చెప్పాను. ఏమిటో నాకు తెలియదు. నాకు ముక్కు లేదు. మూడు రోజులుగా మా ఆవిడదే."

డాక్టరమ్మ పుస్తకంలోంచి తలెత్తింది.

"సోమవారమే తెలిసింది ఒలావో గారూ. ఆకులు పాడవకుండా తడిపే స్పిరిట్ మీ కంచం పక్కనే ఒలికింది. నాకు కళ్లు మండాయి, మీరు రెండోసారి కర్రపెండలం పిండి వడ్డించుకున్నారు."

"మరి చెప్పలేదేం?"

"పేర్లన్నీ సరిగ్గానే వస్తున్నాయిగా. పైగా వంటింటి కబుర్లు బావున్నాయి."

ఒలావో నావైపు తిరిగాడు. "చూశావా, నీ నటన అంత గొప్పగా ఉంది."

ఆమె పుస్తకంలో బ్రెయు కొట్టేసి 'తెలియదు' అని రాసి, కింద ఒలావో పేరు పెట్టింది. రేవులో జనం నవ్వుతారనుకున్నాను. ఈయన మాత్రం దాన్నే డప్పు కొట్టుకున్నాడు: "అయిదువందల తొంభైతొమ్మిది చెట్లకు పేర్లు ఎవడైనా చెప్తాడు. తెలియదని చెప్పి పుస్తకంలో పేరు రాయించుకున్నవాడు నేనొక్కణ్నే!"

రెండు వానాకాలాలకు ఆయన పోయాడు. అప్పటిదాకా రోజూ అడిగేవాడు, ఆ వాసన ఎలా ఉందే అని. ఓరోజు తడి కుక్క అనేదాన్ని, ఓరోజు పాదిరీ గారి జోళ్లు. నిజంగా చెప్పడం రాకే.

ఐదో లెక్కకు ఆయన కత్తి పట్టుకుని నేనే వెళ్లాను. రెండువందల పన్నెండోది ఇంకా పూయలేదు, పువ్వు చూడందే పేరు తేలదట, అందుకే ఇంకా పేరు లేదు. గాటు పెట్టి, కళ్లు మూసుకుని, ఆయనలాగే కాసేపు ఆగాను.

"ఏమంటావు జిల్దక్కా?" అంది డాక్టరమ్మ.

"తెలియదు," అన్నాను, ఆయనంత గట్టిగానే.