బస్సు రెయినో చూసిన కూగర్

కివిలా ఊరి చుట్టుపక్కల అడవుల్లో కూగర్ లేదని అటవీ శాఖ వారు ఏనాడో తేల్చేశారు. ఆ సంగతి కూగర్లకు ఎవరు తెలియజేయాలన్నది మాత్రం తేల్చలేదు. అందువల్ల ఏడాదికి ఇద్దరు ముగ్గురికైనా ఆ లేని జంతువు కనిపిస్తూనే ఉండేది. సింహం రంగు ఒళ్లు, ఒంటికి తీసిపోని పొడుగు తోక, రోడ్డును రెండంగల్లో దాటి అడవిలో కలిసిపోయే పెద్ద పిల్లి. అది అసలు ఏమిటన్నది చూసినవారి హోదాను బట్టి నిర్ణయమయ్యేది. పాస్టరు గారి భార్య చూస్తే "ఏమో, ఉండొచ్చు" అనేవారు. వేటగాళ్లు చూస్తే ఎవరింటి పసుపు కుక్కో అనేవారు. బస్సు రెయినో చూసినప్పుడు మాత్రం చర్చే అవసరం లేకపోయింది. అది సీసాలోంచి వచ్చిన జంతువని ఊరు ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఊళ్లో చాలామంది తాతల్లాగే రెయినో హౌటలా తాత కూడా ఫిన్లండ్ నుంచి ఓడెక్కి ఇక్కడి రాగి గనిలో పనికి వచ్చాడు. తండ్రి ఆ గనిలోనే దగ్గుతూ ముసలివాడయ్యాడు. రెయినో కూడా గని మూతపడేదాకా అక్కడే ఉన్నాడు. మూతపడ్డాక చాలామంది దక్షిణాన కార్ల ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. రెయినో అంత దూరం పోలేక వీధి చివర బార్ దాకా వెళ్లి ఆగిపోయాడు. అక్కడ ఏళ్ల తరబడి నిష్ఠగా, ఒక్క సెలవు కూడా పెట్టకుండా తాగాడు.

ఆ రోజుల్లో అతను భార్య హెల్మికి చెప్పిన కథలు ఊరికి ఇంకా గుర్తే. కారు గుంటలో పడితే దుప్పి అడ్డొచ్చిందనేవాడు. రెండు రోజులు ఇంటికి రాకపోతే వంతెన మంచులో మునిగిపోయిందనేవాడు. హెల్మి ఆ వంతెన మీదుగానే చర్చికి వెళ్లొచ్చి ఉండేది. అయినా తలూపి, పొయ్యి మీద కాఫీ పెట్టేది. అలా తలూపుతూనే ఒక వసంతంలో పోయింది.

సమాధి మీద మట్టి ఆరకముందే రెయినో తాగుడు మానేశాడు. ప్రతి మంగళవారం చర్చి నేలమాళిగలో తాగుడు మానేసినవాళ్లు కూడేవారు. చేదు కాఫీ, ఏలకుల రొట్టె, ఒకే ఒక్క నియమం: అబద్ధం ఆడకూడదు. రెయినో తాగుడుకిచ్చిన నిష్ఠనంతా తెచ్చి ఆ నియమానికి అప్పజెప్పాడు. కాఫీ బాగుందా అని అడిగితే బాగాలేదని చెప్పేవాడు. దాంతో ఒకరిద్దరు అతన్ని పిలవడం మానేశారు కూడా. రెండేళ్లు చూసి, డ్రైవరు దొరక్క బడివాళ్లు బస్సు చేతికిచ్చారు. గుడ్ల బుట్ట నెత్తిన పెట్టుకున్నవాడిలా నడిపేవాడు.

కూతురు మార్లిస్ అప్పటికి అతనితో మాటలు మానేసి చాలా కాలమైంది. ఒక చలికాలమంతా ఆ బస్సు వచ్చే తీరు కిటికీలోంచి చూసింది. మరుసటి ఏడు తన కూతుర్ని అందులో ఎక్కించింది. ఆ తర్వాత ఆదివారం భోజనానికి రమ్మంది. ఆ పిలుపు వచ్చిన రోజున రెయినో బస్సును రెండుసార్లు కడిగాడు.

ఇంత కూడగట్టుకున్న మనిషికి జనవరిలో ఒక మధ్యాహ్నం, చివరి పిల్లను దింపి ఖాళీ బస్సుతో వస్తుండగా, సల్మెలా వాళ్ల గడ్డిపొలం మలుపులో కూగర్ ఎదురైంది.

అక్కడ పిల్లలకు అక్షరాలకన్నా ముందు నేర్పే పాఠం ఒకటుంది. జింక అడ్డొస్తే బండి తిప్పకూడదు. బ్రేకు మీద కాలు, స్టీరింగు నిటారుగా, ఆపైన దేవుడి దయ. రెయినో ఆ పాఠాన్ని ఎన్ని జింకల మీద ఒప్పజెప్పాడో లెక్కలేదు. కానీ రోడ్డు మధ్య నిలబడి, తాపీగా తల తిప్పి అతని కళ్లలోకి చూసింది జింక కాదు. చేతులు వాటంతటవే తిరిగాయి. బస్సు గుంటలోకి ఒరిగింది. అద్దం పగిలింది, తలుపు వంగింది. జంతువు తోక ఎత్తిపెట్టి కంచె దూకింది.

ఆ మలుపులో ఎవరు గుంటలో పడ్డా ముందు వచ్చేది ఆర్వో సల్మెలా. రెయినోకి చిన్ననాటి స్నేహితుడు, ట్రాక్టరున్న మహానుభావుడు. గుంటలో పడ్డవాణ్ణి బయటికి లాగడం అక్కడ పుణ్యం. ఎందుకు పడ్డావని అడగకపోవడం అంతకన్నా పుణ్యం. ఆర్వో రెండూ సంపూర్ణంగా ఆచరించే మనిషి.

"ఒరేయ్ ఆర్వో, రారా! ఆ కంచె దగ్గర అడుగులు చూడు, పళ్లేలంత ఉన్నాయి!"

"ముందు కిందికి దిగరా బాబూ. దెబ్బలేమన్నా తగిలాయా?"

"కూగర్ రా! తోక ఇంత పొడుగు..."

"ఆఁ, ఉంటుంది ఉంటుంది. నోరు తెరువు."

రెయినో తెరిచాడు. ఆర్వో అందులో రెండు పుదీనా బిళ్లలు పడేశాడు.

"ఇవెందుకురా?"

"నువ్వు నములు. నేనేమీ అడగలేదు, నువ్వేమీ చెప్పలేదు."

"నేను తాగలేదురా! కావాలంటే పోలీసుల్ని పిలు. ఆ ఊదే గొట్టం తెమ్మను, ఊదుతా."

"మీ అమ్మ చేతి రొట్టె తిని పెరిగినవాణ్ణి, నేను నిన్ను పోలీసులకి పట్టిస్తానా? మతుండే మాట్లాడుతున్నావా? ఎవరన్నా అడిగితే జింక అను. జరుగు, గొలుసు కట్టాలి."

"అటు కాదురా, అడుగులు పోతాయి! అటు పోనివ్వకు!"

ఇంజను మోతలో ఆ మాట ఆర్వోకి వినిపించలేదు. వినిపించినా, తాగినవాడి మాటకి ట్రాక్టరు ఆపే అలవాటు అతనికి లేదు. బండి వెనక్కి వచ్చింది, ముందుకి వెళ్లింది, గొలుసు కంచె దాకా ఈడ్చుకొచ్చింది. బస్సు రోడ్డెక్కేసరికి అక్కడి మంచు దున్నిన చేనులా ఉంది. రెయినో బస్సును షెడ్డుకి చేర్చేసరికి అతని దగ్గర మిగిలిన సాక్ష్యం పుదీనా వాసన ఒక్కటే. షెడ్డు మెకానిక్ దాన్ని గుమ్మం దగ్గరే పసిగట్టాడు. ఆర్వో అంతటి స్నేహితుడు లేకపోయుంటే రెయినో గట్టెక్కేవాడే.

బడి కమిటీ ఆ వారమే కూర్చుంది. అధ్యక్షురాలు ఎల్విరా మక్కొనెన్ రెయినోతో కలిసి చదువుకున్నదే. కమిటీలో కూర్చుంటే మాత్రం న్యాయదేవతకు పిన్నిగారిలా కనిపించేది.

"రెయినో, నిన్ను పోగొట్టుకోవాలని ఇక్కడ ఎవరికీ లేదు," అంది ఆవిడ. "జింకే కదా? కంగారులో తిప్పేశావు. రెండు వారాలు ఇంట్లో కూర్చో, తర్వాత బస్సు తీసుకో."

"జింక కాదు ఎల్విరా."

"పోనీ, జింకలాంటిది."

"జింకలాంటిది కూడా కాదు. కూగర్."

కమిటీ అంతా ఒక్కసారి కాఫీ కప్పుల్లోకి తొంగిచూసింది.

"నీ మేలు కోరి చెబుతున్నా," ఎల్విరా గొంతు తగ్గించింది. "ఆ మాట వదిలెయ్. నువ్వు జింక అంటే డ్రైవరువి. కూగర్ అంటే... ఏమంటారో నీకు తెలీదా?"

తెలుసు. జింక అనడానికి పెదవులు కదపడమే పని. కానీ నాలుగేళ్లుగా అతన్ని నిలబెట్టిన కర్ర ఆ ఒక్క నియమమే. దాన్ని బస్సు కోసం విరిస్తే, సాయంత్రానికి బార్ తలుపు దగ్గరే తేలతానని అతని భయం. "కూగరే," అన్నాడు మళ్లీ. బస్సు తాళాలు కాఫీ జగ్గు పక్కన పెట్టి వచ్చేశాడు.

మరునాడు మార్లిస్ వచ్చింది. కోటు విప్పలేదు. కాఫీ కప్పు కోసమన్నట్టు వంటింటి అల్మారాలన్నీ తెరిచింది. కప్పులు బల్ల మీదే ఉన్నాయి. కట్టెల పెట్టె మూత ఎత్తింది. పిండి డబ్బా వెనక చూసింది. రెయినో ఆమెకు అడ్డు రాలేదు సరికదా, ఆమె మరిచిపోయిన ఆవిరిస్నానాల గది తలుపు తనే తీసి పట్టుకున్నాడు.

"ఏమీ లేదమ్మా."

"లేదని నాకు తెలుసు. అమ్మ ఉన్నప్పుడూ ఎక్కడా దొరికేది కాదు." కుర్చీలో కూలబడింది. "నాన్నా, తాగావని చెప్పు. ఒక్కసారి జారావు, అంతే. మళ్లీ మొదలుపెడదాం. నేనుంటా నీ పక్కన. తాగితే ఓర్చుకుంటా. ఈ కథలు మాత్రం ఓర్చుకోలేను."

"ఇది కథ కాదే తల్లీ."

"దుప్పి కూడా కథ కాదన్నావు. వంతెన కూడా."

దుప్పిని, వంతెనను కల్పించిన నోరే రెయినోది.

"అమ్మ చివరిదాకా అన్నిటికీ తలూపింది," అంది మార్లిస్ లేస్తూ. "నేను అమ్మను కాను నాన్నా."

ఆ ఆదివారం పిలుపు రాలేదు. తర్వాతి ఆదివారమూ రాలేదు. రెయినో మంచుబూట్లు తొడుక్కుని రోజూ అడవి గాలించాడు. కుక్కల అడుగులు, నక్కల అడుగులు, ఒకచోట తన అడుగులే దొరికాయి. ఉన్న జంతువును లేదని నిరూపించడం సులువే, ప్రభుత్వం ఆ పని ఎప్పుడో చేసేసింది. చూసిన దాన్ని చూశానని నిరూపించడం మనిషి వల్ల అయ్యే పని కాదని అతనికి మార్చి నాటికి అర్థమైంది. సాయంత్రాలు కిటికీ దగ్గర కూర్చుంటే కొత్త డ్రైవరు బస్సు పోతూ కనిపించేది. మనవరాలు వెనక సీట్లోంచి చెయ్యి ఊపేది. కొన్నాళ్లకి ఎవరో చెప్పినట్టున్నారు, ఊపడం మానేసింది.

మార్చిలో ఒక మంగళవారం ఇంటివాళ్లను కూడా నేలమాళిగకు రానిచ్చే రోజు. రెయినో మార్లిస్‌కి ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆమె చివరి వరసలో, కోటుతోనే కూర్చుంది.

అతని వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. గోడ మీద గడియారం ఆగిపోయి ఉంది. దాన్ని ఎవరూ ఎందుకు బాగుచేయించరో అనుకున్నాడు కాసేపు.

"నా పేరు రెయినో. జనవరిలో, బస్సు గుంటలో పడిన రోజు, నేను తాగి ఉన్నాను. కూగర్ ఏమీ లేదు."

ఆ గదిలో అతను నాలుగేళ్లుగా ఎన్నో నిజాలు చెప్పాడు. వాటికి మర్యాదగా తలలూపేవారు. ఈ మాటకి మాత్రం చప్పట్లు కొట్టారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకున్నారు. మార్లిస్ కుర్చీలు తోసుకుంటూ వచ్చి, చిన్నప్పుడు పట్టుకున్నట్టు అతని మెడ చుట్టూ చేతులు వేసి ఏడ్చింది.

"థాంక్స్ నాన్నా. నిజం చెప్పావు. ఇంక చాలు, ఇంక చాలు."

రెయినో ఆమె వీపు నిమురుతూ నిలబడ్డాడు. ఒప్పుకున్న నాటినుంచే రోజులు లెక్కపెట్టే సభ్యుల ప్రకారం అది అతనికి తాగుడు మానిన తొలి రోజు. నాలుగేళ్లు పోయాయి. ఆదివారం వచ్చింది.

జూన్ చివర్లో గడ్డికోతలప్పుడు, ఎండ ఇంకా తీక్షణంగా ఉండగానే ఆర్వో ట్రాక్టరు పొలంలో వదిలేసి రెయినో ఇంటికి పరిగెత్తుకొచ్చాడు. మెట్ల మీద కూలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"రెయినో... చూశాన్రా. కోతకి కంచె దాకా వెళ్లాను. గడ్డిలోంచి లేచింది. నిన్ను... నిన్ను నేను..."

"నీళ్లు తాగు ముందు."

"నీళ్లెందుకురా! నువ్వు చెప్పిందే! తోక నేలకి జీరాడుతోంది."

"కొస నల్లగా ఉందా?"

"నల్లగానే ఉంది."

"నీకేసి చూసిందా?"

"చూసింది. తాపీగా, అప్పిచ్చినవాడిలా చూసింది."

రెయినో అంతా మొదటినుంచి మళ్లీ చెప్పమన్నాడు. ఆర్వో చెప్పాడు. భుజాలు ఎలా కదిలాయో అడిగాడు, కంచె ఎలా దూకిందో అడిగాడు. రెండోసారి విన్నంతసేపూ కళ్లు మూసుకునే ఉన్నాడు.

"పద," ఆర్వో లేచాడు. "ముందు మార్లిస్ దగ్గరికి. తర్వాత ఎల్విరా. నీ నోట్లో పుదీనా బిళ్లలు కుక్కింది నేనేనని ఊరందరి ముందూ చెబుతా. నీ బస్సు నీకిప్పిస్తా."

"వద్దు."

"వద్దేంట్రా?"

"మార్లిస్‌కి ఏమని చెబుతావు? నాన్న చూసింది నిజమే అంటావు. మరి నేలమాళిగలో నాన్న చెప్పింది ఏమిటని అడుగుతుంది. ఏం చెప్పను?"

ఆర్వో మళ్లీ మెట్టు మీద కూర్చున్నాడు.

రోడ్డు మీద దుమ్ము లేచింది. మార్లిస్ కారు. వెనక సీట్లో మనవరాలు కిటికీ దించి, రబర్బ్ కాడలతో చేసిన తీపి రొట్టె పళ్లెం ఎత్తి చూపిస్తోంది.

"నువ్వెవరికీ చెప్పకురా," అన్నాడు రెయినో. "నాకు చెప్పావు. చాలు."

కారు ఆగింది. మార్లిస్ దిగుతూనే ఆర్వో మొహం చూసింది.

"ఏమైంది ఆర్వో మామా? అలా ఉన్నావేంటి?"

ఆర్వో రెయినో వంక చూశాడు. రెయినో మాత్రం దూరాన కోతపడ్డ గడ్డి వంక చూస్తున్నాడు.

"ఎండమ్మా," అన్నాడు ఆర్వో. "ఈసారి ఎండ మరీ ఎక్కువగా ఉంది."